మాల్ట్ మర పట్టడం: పిండి కాకూడదు, గింజ మిగలకూడదు

మన ఇళ్లలో మర అంటే పిండే. బియ్యం తీసుకెళ్లినా, శనగపప్పు తీసుకెళ్లినా గిర్నీ దగ్గర అడిగేది ఒకటే: మెత్తగానా, బరకగానా? బీరు కాచడానికి వాడే బార్లీ మాల్ట్‌కు ఈ రెండు జవాబుల్లో ఏదీ సరిపోదు. లోపలి గింజ ముక్కలు కావాలి, దాన్ని చుట్టుకున్న పొట్టు మాత్రం వీలైనంత పెద్దగా, చిరగకుండా మిగలాలి. గింజ పగలకపోతే లోపలి పిండిపదార్థం నీళ్లకు అందదు, తీపి రాదు. పొట్టు నుజ్జయితే రసం దిగదు, దిగినా వగరుగా దిగుతుంది. ఈ పనిని బెంగళూరు ఫ్లాట్‌లో, దొరికే సామాన్లతో ఎలా చేసుకోవాలో వరసగా చెబుతాను.

దానికి ముందు చట్టం సంగతి. కర్ణాటకలో లైసెన్సు లేకుండా మద్యం తయారు చేయడం 1965 నాటి ఎక్సైజ్ చట్టం కింద నేరం. బీరు కూడా మద్యం లెక్కలోకే వస్తుంది. అమెరికాలో ఇంటి అవసరానికి బీరు కాచుకోవడానికి 1978లో ఫెడరల్ చట్టం దారి ఇచ్చింది కాబట్టి, అక్కడున్న మనవాళ్లు తమ రాష్ట్రం నిబంధనలు చూసుకుని ఈ పని చివరిదాకా తీసుకెళ్లొచ్చు. ఇక్కడున్న మనం ఈస్ట్ వేయకముందే ఆగుదాం. అప్పటిదాకా జరిగేదంతా వంటే: గింజ పగలగొట్టడం, వేడి నీళ్లలో నానబెట్టడం, తియ్యటి రసం వడకట్టడం. ఆ రసాన్ని మరిగించి, చల్లార్చి, కాస్త నిమ్మకాయ పిండుకుంటే మంచి మాల్ట్ డ్రింకు. మర సరిగ్గా పడిందో లేదో తేలేది కూడా ఆ రసం దగ్గరే.

1. సరైన గింజ కొనండి

కిరాణా కొట్లో బార్లీ అని అమ్మే తెల్లటి గింజలు దీనికి పనికిరావు. వాటికి పొట్టు తీసేసి పాలిష్ పట్టి ఉంటారు, అవి మొలకెత్తించినవీ కావు. బార్లీ నీళ్లు కాచుకోవడానికి బాగుంటాయి, అంతే. మాల్ట్ అంటే బార్లీని పొట్టుతోనే నానబెట్టి, మొలకెత్తించి, మొలక ఎక్కువ సాగకముందే వేడి గాలితో ఆరబెట్టినది. మొలకెత్తేటప్పుడు గింజలో ఎంజైములు తయారవుతాయి. పిండిపదార్థాన్ని చక్కెరగా మార్చేది అవే. గట్టిగా ఉండే గింజ లోపల పెళుసుగా మారేది కూడా అప్పుడే.

తేడా పోల్చుకోవడం తేలిక. ఒక గింజ నోట్లో వేసుకుని కొరకండి. మాల్ట్ అయితే కరకరలాడుతూ నలిగి, బిస్కెట్ వాసనతో కొంచెం తియ్యగా ఉంటుంది. పచ్చి బార్లీ అయితే పన్ను నొప్పి పుడుతుంది.

హోమ్ బ్రూయింగ్ సామాను అమ్మే ఆన్‌లైన్ దుకాణాల్లో మాల్ట్ కిలో లెక్కన దొరుకుతుంది. పబ్బులు వాడేది సాధారణంగా 25 కిలోల బస్తా. కొనేటప్పుడు గింజగా కావాలా, మర పట్టి పంపాలా అని చాలామంది అడుగుతారు. ఒక్కసారి చేసి చూద్దామనుకునేవాళ్లు మర పట్టినదే తెప్పించుకోండి. దానికోసం మర కొనడం దండగ. నెలకోసారైనా చేస్తాం అనుకుంటేనే గింజగా కొనండి. మర పట్టిన మాల్ట్ గాలి తగిలి త్వరగా మెత్తబడుతుంది, వాసన కోల్పోతుంది. గింజగా ఉన్నది గాలి చొరబడని డబ్బాలో నెలల తరబడి నిలవుంటుంది.

ఇంటికి తెచ్చాక పళ్లెంలో పోసి కందిపప్పు ఏరినట్టే రాళ్లు ఏరండి. ఒక అయస్కాంతం కూడా గింజల్లో తిప్పండి. బస్తాలో ఇనప ముక్క ఏదైనా వచ్చి ఉంటే రోలర్ మీద పడే గీత ఇక పోదు.

2. ఏ మర?

రెండు రోలర్ల మర ఉంటే ఇంకేమీ ఆలోచించక్కర్లేదు. రెండు ఉక్కు రోలర్లు పక్కపక్కన ఉండి లోపలి వైపుకు తిరుగుతాయి. పైన గింజలు పోసే డబ్బా ఉంటుంది. ఒక రోలర్‌ను మనం హ్యాండిల్‌తో తిప్పుతాం. చాలా మరల్లో రెండోది గింజల ఒరిపిడికే తిరుగుతుంది. రోలర్ల మీద ఉండే గరుకు గీతలు గింజను సందులోకి లాగుతాయి. గింజ అక్కడ నలుగుతుందే తప్ప తెగదు. పొట్టు బతికి బయటపడేది అందుకే. ఖరీదు కొంచెం ఎక్కువే గానీ, ఇద్దరు ముగ్గురు స్నేహితులు కలిసి ఒకటి కొనుక్కుంటే సరిపోతుంది. రోజూ వాడే వస్తువేం కాదు కదా.

టేబుల్ అంచుకు బిగించి చేత్తో తిప్పే ఇనప ప్లేట్ మర రెండో దారి. అమెరికా, లాటిన్ అమెరికాల్లో మొక్కజొన్న కోసం వాడే కొలంబియా కరోనా మర ఈ రకమే. రెండు గాడుల ప్లేట్ల మధ్య గింజ ఒరుసుకుని పగులుతుంది కాబట్టి పొట్టు కొంత చిరుగుతుంది. ప్లేట్లను వదులుగా పెట్టి, కింద చెప్పినట్టు గింజను కాస్త తడిపి పడితే పని జరుగుతుంది.

ఊళ్లో అమ్మమ్మగారి తిరగలి ఇంకా ఉంటే దాన్నీ వాడొచ్చు. గుప్పెడు ఎక్కువ పోసి విసిరితే బరకగా, తక్కువ పోస్తే మెత్తగా వస్తుందని విసిరినవాళ్లకు తెలుసు. మనకు కావలసింది ఎక్కువ పోసే పద్ధతి. కాకపోతే ఐదు కిలోలు విసిరాక భుజాల సంగతి మీరే చూసుకోవాలి.

వీధి గిర్నీకి మాత్రం తీసుకెళ్లకండి. ఎంత బరకగా పట్టమన్నా అక్కడి రాయి పొట్టును పొడి చేస్తుంది. పైగా మన కంటే ముందు ఏం పట్టారో తెలియదు. మిరపకాయలు పట్టిన గిర్నీలో మాల్ట్ పట్టిస్తే ఆ ఘాటు రసంలోకి దిగుతుంది.

ఇక మిక్సీ. అందరూ ముందు అడిగేది దీని గురించే. మిక్సీ బ్లేడు గింజను నలపదు, నరుకుతుంది. గింజ, పొట్టు అన్న తేడా దానికి లేదు. సగం పిండి, సగం పగలని గింజ, మధ్యలో పొట్టు తునకలు వస్తాయి. ఇంకో దారి లేకపోతే చిన్న జార్‌లో వంద గ్రాముల చొప్పున వేసి, ఇంచర్ వైపు రెండు మూడు సెకన్లు తిప్పి ఆపండి. జార్ కుదిపి మళ్లీ ఇంకోసారి. జల్లించి, పగలని గింజలను మాత్రమే మళ్లీ వేయండి. ఇలా పట్టిన మాల్ట్‌ను గుడ్డ సంచిలో నానబెట్టడం తప్ప వేరే మార్గం లేదు. కిలో దాకా ఫర్వాలేదు గానీ, ఐదు కిలోలు ఇలా పడితే మిక్సీ మోటారు వేడెక్కి వాసన రావడం ఖాయం.

రంగు కోసం వేసే రోస్టెడ్ మాల్ట్ లాంటివి రెండు మూడు వందల గ్రాములే అయితే ఏ మరా అక్కర్లేదు. మందమైన ప్లాస్టిక్ కవర్లో పోసి చపాతీ కర్రతో గట్టిగా ఒత్తండి. కచ్చాపచ్చాగా నలిగితే చాలు.

3. రోలర్ల మధ్య సందు పెట్టడం

అసలు పనంతా ఇక్కడే ఉంది. మిగతా అడుగుల్లో కొంచెం అటూ ఇటూ అయినా సర్దుకోవచ్చు. సందు తప్పితే మిగతావేవీ దాన్ని సరిచేయలేవు.

బార్లీ మాల్ట్‌కు మొదట 1.1 మి.మీ. దగ్గర మొదలుపెట్టండి. సాధారణంగా 1.0 నుంచి 1.2 మధ్యలో అందరికీ కుదురుతుంది. మర మీద ముద్రించిన అంకెలను నమ్మకండి, ఫీలర్ గేజ్‌తో కొలవండి. పలచటి ఉక్కు రేకుల కట్ట ఇది. మెకానిక్కులు స్పార్క్ ప్లగ్ సందు చూడటానికి వాడతారు. జె.సి. రోడ్డులో ఆటో విడిభాగాల షాపుల్లో గానీ, ఎస్.పి. రోడ్డులో పనిముట్ల షాపుల్లో గానీ అడగండి. చాలా కట్టల్లో 1.00 మి.మీ. దాకానే రేకులుంటాయి. అప్పుడు 1.00 రేకు, 0.10 రేకు కలిపి పెడితే 1.10 అవుతుంది. రేకు సందులో కొంచెం బిగువుగా జారాలి, ఇరుక్కోకూడదు, ఊగకూడదు.

గేజ్ కొనే ఓపిక లేకపోతే జేబులో ఏటీఎం కార్డు ఉంటుంది కదా. అంతర్జాతీయ ప్రమాణం ప్రకారం దాని మందం 0.76 మి.మీ. ఒక్క కార్డే దూరేంత సందు బార్లీకి మరీ ఇరుకు. కార్డుకు మందపాటి విజిటింగ్ కార్డు జత చేసి దూరిస్తే 1 మి.మీ. చుట్టుపక్కల ఉంటారు. మొదటిసారికి అది చాలు. గడువు తీరిన కార్డు వాడండి, చిప్పు గీసుకుపోతే టెన్షన్ మనకెందుకు.

సందును రోలర్ రెండు చివర్లా కొలవాలి. ఒక పక్క 1.0, ఇంకో పక్క 1.4 ఉంటే ఒకవైపు పిండి, ఇంకోవైపు గింజ పడుతుంది. మొత్తం కలిసిపోయాక చూస్తే ఎక్కడ తేడా వచ్చిందో అర్థం కాదు. స్క్రూలు బిగించేటప్పుడు కూడా రోలర్ జరుగుతుంది కాబట్టి బిగించాక ఇంకోసారి కొలవండి.

గుడ్డ సంచిలో నానబెట్టే పద్ధతి మీదైతే సందు 0.8 దాకా తగ్గించొచ్చు. అక్కడ వడకట్టేది సంచి, పొట్టు కాదు.

4. పొట్టు గురించి కొంచెం ఎక్కువగా

సంచి లేకుండా, అడుగున చిల్లుల పళ్లెం ఉన్న పాత్రలో నానబెడితే పొట్టు ఆ పళ్లెం మీద మందంగా పరుచుకుని వడకట్టే గుడ్డ పని చేస్తుంది. పెద్ద పొట్టు ముక్కల సందుల్లోంచి రసం దిగుతుంది, రవ్వ పైనే ఆగుతుంది. పొట్టు తునకలైతే ఆ సందులు పూడిపోతాయి. మీద పిండి ఎక్కువైతే జిగురు కట్టి, కుళాయి తిప్పినా చుక్క రాదు. గోధుమకు నూర్పిడిలోనే పొట్టు ఊడిపోతుంది. బార్లీకి ఊడదు. బీరు లోకంలో బార్లీకి ఇంత పెద్దపీట పడటానికి ఉన్న కారణాల్లో ఇదొకటి.

రెండో సంగతి రుచి. పొట్టులో టానిన్లు ఉంటాయి. పచ్చి అరటికాయ కొరికితే నాలుక పట్టేస్తుందే, ఆ వగరు వాటిదే. నీళ్లు 77 డిగ్రీలు దాటినా, క్షార గుణం ఎక్కువైనా టానిన్లు ఎక్కువగా దిగుతాయి. పొట్టు ఎంత చిన్న ముక్కలైతే అంత తొందరగా దిగుతాయి. బెంగళూరులో కావేరీ నీళ్లు వచ్చే ఇళ్లలో ఈ ఇబ్బంది తక్కువ. బోరు నీళ్లే దిక్కయిన అపార్ట్‌మెంట్లలో గిన్నెల మీద తెల్ల పొర కడుతుంది కదా, ఆ నీళ్లతో చేస్తే వగరు ఖాయంగా తెలుస్తుంది. సగం ఆర్.ఓ. నీళ్లు కలపండి. మర మీద శ్రద్ధ కూడా ఇంకాస్త పెంచండి.

5. గింజను కొంచెం తడపడం

తప్పనిసరి కాదు. అయినా చేయమనే చెబుతాను, ఎందుకంటే ఐదు నిమిషాల పనికి ఫలితం బాగా కనబడుతుంది. మాల్ట్‌లో తేమ నాలుగైదు శాతమే ఉంటుంది, పొట్టు ఎండుటాకులా పెళుసుగా ఉంటుంది. దాని మీద కొంచెం నీళ్లు పడితే పొట్టు సాగుతుంది, లోపలి గింజ మాత్రం పొడిగానే ఉంటుంది.

కొలత బరువులో రెండు శాతం. కిలోకు 20 మి.లీ., అంటే నాలుగు టీస్పూన్లు. ఐదు కిలోలకు 100 మి.లీ. వెడల్పాటి బేసిన్లో మాల్ట్ పోసి, ఇస్త్రీకి వాడే స్ప్రే బాటిల్‌తో కొద్దికొద్దిగా చల్లుతూ చేత్తో కలపండి. ఒక్క చోట పోస్తే అక్కడి గింజలు ముద్దవుతాయి. చల్లడం అయ్యాక పది నిమిషాలు వదిలేయండి. గుప్పెడు తీసి నలిపితే గలగలమనే చప్పుడు తగ్గి మెత్తటి చప్పుడు రావాలి. చేతికి తడి అంటుకుంటే నీళ్లు ఎక్కువైనట్టు. ఆరబెట్టి మర్నాడు పట్టండి.

జూన్ నుంచి అక్టోబరు దాకా వానల్లో గింజ గాలిలోని తేమను తానే పీల్చుకుంటుంది. డబ్బా మూత సరిగ్గా లేకపోతే ఇంకానూ. అప్పుడు ఒక శాతం నీళ్లు చాలు. కొరికితే కరకరలాడకుండా మెత్తగా సాగుతోందంటే అసలు తడపకండి.

6. మర పట్టడం

తడిపిన గింజ పట్టినా, పొడి గింజ పట్టినా దుమ్ము మాత్రం లేస్తుంది. బాల్కనీ మంచి చోటు, ఒకే షరతు: పావురాలు. వాటికి కబురు ఎవరు చెబుతారో తెలియదు గానీ పది గింజలు రాలితే చాలు, మర్నాటి నుంచి రోజూ హాజరు. కింద పాత దుప్పటి పరిచి, అయిపోగానే దులిపేయండి. ఫ్యాన్ ఆపండి. ముక్కుకు గుడ్డ కట్టుకోండి, ఆస్తమా ఉన్నవాళ్లయితే ఈ పని ఇంకొకరికి అప్పజెప్పండి. వంటగదిలోనే పట్టాల్సి వస్తే పొయ్యి ఆపి ఉండాలి. గాలిలో దట్టంగా లేచిన ధాన్యపు దుమ్ముకు మంట తగిలితే అంటుకుంటుంది. పెద్ద మిల్లుల్లో పేలుళ్లు జరిగేది ఇలాగే.

ముందు మొత్తం పోసేయకండి. గుప్పెడు గింజ వేసి తిప్పి చూడండి. అది బాగుందనిపించాకే డబ్బా నింపండి.

చేత్తో అయితే ఒకే వేగంతో తిప్పాలి. డ్రిల్ మెషీన్ తగిలిస్తే వేగం తక్కువ గేరులో పెట్టండి. రోలర్ నిమిషానికి 150 నుంచి 200 చుట్ల కంటే ఎక్కువ తిరగకూడదు. వేగం పెరిగితే పని తొందరగా అవుతుంది నిజమే, కానీ పొట్టు చీలికలవుతుంది. రోలర్లు తిరగడం మొదలయ్యాక గింజ పోయండి. డబ్బా నిండా గింజ ఉండగా మొదలుపెడితే చాలాసార్లు ఇరుక్కుంటుంది. ఇరుక్కున్నప్పుడు వేలు పెట్టి తీయాలనిపిస్తుంది. ముందు డ్రిల్ ప్లగ్ పీకండి, ఆ తర్వాత పుల్లతో తీయండి. ఆదివారం మధ్యాహ్నం డ్రిల్ చప్పుడు పక్క ఫ్లాట్ వాళ్లకు ఏమంత ఇష్టం ఉండదని కూడా గుర్తుంచుకోండి.

గింజలు సన్నవీ లావువీ కలిసి ఉంటే రెండుసార్లు పట్టడం మంచిది. మొదట 1.5 దగ్గర ఒకసారి, తర్వాత 1.1 దగ్గర ఇంకోసారి. మొదటిసారి గింజ చిట్లి వదులవుతుంది, రెండోసారి సన్నవి కూడా దొరికిపోతాయి. ఓపిక ఉన్నవాళ్లకు ఇంతకంటే మంచి పద్ధతి లేదు.

7. సరిగ్గా పడిందా?

చెంచాడు తీసి నల్లటి పళ్లెంలో పలచగా పరచండి. మూడు రకాలు కనబడాలి: రెండుగా విచ్చుకున్న పొట్టు, ఇడ్లీ రవ్వంత తెల్లటి ముక్కలు, కొంచెం పిండి. పొట్టు తీసి వేళ్ల మధ్య నలపండి. లోపల ఇంకా తెల్లటి ముద్ద అంటుకుని ఉంటే సందు కొంచెం తగ్గించాలి. చెంచాడులో ఒకటీ అరా గింజ పగలకుండా ఉంటే కంగారు పడకండి. నాలుగైదు కనబడితే మాత్రం తగ్గించక తప్పదు. పొట్టు ముక్కలే ఎక్కువ కనబడుతూ, చేతికి మైదాలా అంటుకుంటుంటే సందు పెంచండి. మార్చేటప్పుడు ఒక్కోసారి 0.1 మి.మీ. మించొద్దు.

ఇంకొంచెం కచ్చితంగా కావాలంటే వంద గ్రాములు తూచి, గోధుమపిండి జల్లెడలో రెండు నిమిషాలు జల్లించి, కింద పడిందెంతో తూచండి. జల్లెడ కన్ను ఇంటికొక రకం కాబట్టి ఎంత పడాలో ఒక అంకె చెప్పడం కుదరదు. మీ జల్లెడలో మీకొచ్చిన అంకె, దాని పక్కన సందు కొలత, ఆ రోజు రసం ఎలా దిగిందీ ఒక కాగితం మీద రాసుకోండి. తర్వాతిసారి మీకు పనికొచ్చేది ఆ కాగితమే.

8. మిగతా గింజలు

గోధుమ మాల్ట్‌కు పొట్టు లేదు, గింజా గట్టిది. 0.8 నుంచి 0.9 మధ్య పట్టండి. పొట్టు లేదు కాబట్టి చిరుగుతుందన్న బెంగ కూడా లేదు. గోధుమ సగం పైగా వేస్తే రసం దిగడానికి బాగా కడిగిన వడ్ల ఊక రెండు మూడు గుప్పెళ్లు కలపండి.

మొలకెత్తించిన రాగులు రోలర్ల సందులోంచి పగలకుండా జారిపోతాయి, అంత చిన్నవి. వాటిని మిక్సీలో రవ్వగా పట్టి సంచిలోనే నానబెట్టాలి. అంగట్లో అమ్మే రాగి మాల్ట్ పొడి ఇక్కడ వాడకండి. అందులో చాలావాటికి చక్కెర, యాలకులు కలిపి ఉంటాయి.

బియ్యం వేయాలనుకుంటే మర పట్టడం ఒక్కటే చాలదు. బియ్యపు పిండిపదార్థం మాల్ట్ నానబెట్టే వేడికి సరిగ్గా ఉడకదు. అన్నంలా మెత్తగా వండి కలపాలి. అంత శ్రమ ఎందుకనుకుంటే అటుకులు ఉన్నాయి. వాటిని తయారు చేసేటప్పుడే వేడి తగిలి, అణిగి ఉంటాయి కాబట్టి మరా వద్దు, వండటమూ వద్దు, నేరుగా కలిపేయొచ్చు. ఓట్స్ కూడా అంతే.

9. నానబెట్టి చూడండి

మర పట్టినది ఆ రోజే వాడేయడం మేలు. కిలో మాల్ట్‌కు మూడు లీటర్ల నీళ్లు. నీళ్లను 72 డిగ్రీలకు వేడి చేసి, మాల్ట్‌ను కొద్దికొద్దిగా వేస్తూ ఉండలు కట్టకుండా కలపండి. గింజ చల్లదనానికి వేడి 66 దగ్గరికి దిగుతుంది. 65 నుంచి 68 మధ్య గంటసేపు ఉంచండి, దుప్పటి చుట్టినా సరే. థర్మామీటర్ సరిచూసుకోవడానికి మరిగే నీళ్లలో పెడితే ఇక్కడ 100 చూపించదు. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్లకు పైగా ఎత్తున ఉంది, నీళ్లు 97 దగ్గరే మరుగుతాయి. థర్మామీటర్ పాడైందని పారేయకండి.

గంట తర్వాత ఒక చెంచా రసాన్ని తెల్లటి సాసర్లో వేసి, మందుల షాపులో దొరికే అయోడిన్ ఒక చుక్క కలపండి. నల్లగా, నీలంగా మారితే పిండిపదార్థం ఇంకా మిగిలిందన్నమాట. ఇంకో ఇరవై నిమిషాలు ఆగండి. అప్పటికీ చుక్క నల్లబడుతుంటే గింజ బాగా పగలలేదని అర్థం. పరీక్షకు తీసిన రసం పారబోయండి, గిన్నెలో కలపొద్దు.

తర్వాత వడకట్టి, 75 డిగ్రీల నీళ్లు ఇంకొన్ని పోసి కడిగి, మొత్తం ఐదు లీటర్ల రసం తీయండి. రసం నీళ్లకంటే ఎంత చిక్కగా ఉందో, అంటే చక్కెర ఎంత దిగిందో చూపే హైడ్రోమీటర్ ఉంటే రసాన్ని 20 డిగ్రీల దాకా చల్లార్చి కొలవండి. కిలో మాల్ట్‌తో ఐదు లీటర్లకు 1.045 వస్తే మర బాగా పడినట్టే. 1.035 దగ్గరే ఆగిపోతే మొదట అనుమానించాల్సింది మరనే, ఆ తర్వాతే వేడినీ నీళ్లనూ. అంకె బాగుండి రసం మాత్రం దిగకుండా మొరాయిస్తే సందు ఇరుకైంది, 0.1 పెంచండి.

డ్రింకుగా తాగేవాళ్లు దీన్ని పావుగంట మరిగించి, చల్లార్చి, ఫ్రిజ్‌లో పెట్టి రెండు రోజుల్లో తాగేయండి. బయట ఉంచితే తనంతట తానే పులుస్తుంది. మాల్ట్ పొట్టు మీద లాక్టోబాసిల్లస్ లాంటి సూక్ష్మజీవులు బోలెడు ఉంటాయి. మర పట్టినప్పుడు లేచే దుమ్ముతో పాటు అవీ ఎగురుతాయి. అందుకే మర ఒక చోట, చల్లార్చిన రసం ఉంచేది ఇంకో చోట ఉండాలి. అమెరికాలో ఉండి పులియబెట్టేవాళ్లకు ఇది ఇంకా ముఖ్యం. మర పట్టిన గదిలో మూత తీసిన ఫర్మెంటర్ పెడితే పుల్లటి బీరు తాగాల్సి వస్తుంది.

10. మిగిలిన పనులు

వడకట్టాక మిగిలిన పిప్పి బెంగళూరు వాతావరణంలో కూడా ఒక్క రోజుకే పులిసి వాసన కొడుతుంది. దగ్గర్లో ఆవులున్నవాళ్లుంటే ఆ రోజే ఇచ్చేయండి. లేకపోతే ఓవెన్లో బాగా ఎండబెట్టి, మిక్సీలో మెత్తగా పట్టి చపాతీ పిండిలో కలుపుకోవచ్చు. నాలుగో వంతు మించితే గొంతులో గరుకుగా తగులుతుంది.

గింజగా మిగిలిన మాల్ట్‌ను వారం పాటు డీప్ ఫ్రీజర్లో పెట్టి, ఆ తర్వాత స్టీలు డబ్బాలోకి మార్చండి. ముక్కు పురుగు గుడ్లు ఉంటే చస్తాయి. ఫ్రీజర్లోంచి తీసిన కవరును గది వేడికి వచ్చాకే విప్పండి, లేకపోతే గింజలకు చెమ్మ పడుతుంది. బియ్యంలో వేసినట్టు వేపాకు వేయకండి, వాసన గింజకు పట్టేస్తుంది.

మరను ఎప్పుడూ నీళ్లతో కడగొద్దు. పాత పెయింటు బ్రష్‌తో రోలర్ల గీతల్లో ఇరుక్కున్న రవ్వ దులపండి, పొడి గుడ్డతో తుడవండి. గింజ తడిపి పట్టిన రోజున రోలర్లను ఒక గంట ఫ్యాన్ కింద ఆరనిచ్చాకే లోపల పెట్టండి. చివరగా సందు మళ్లీ కొలిచి, మీ కాగితం మీద తేదీతో రాసి, ఆ కాగితాన్ని మర డబ్బాలోనే పడేయండి.